మక్కచేలల్లో పందులు, గెట్ల మీద కరెంటు తీగలు

ప్రతి వానాకాలం మక్క కంకి వేసే రోజుల్లో పేపరు జిల్లా పేజీలో ఒక చిన్న వార్త వస్తుంది. అడవి పందుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి రైతు మృతి. ఊరు మారుతుంది, మండలం మారుతుంది, మిగతా వార్త అంతా అదే. పొద్దున్నే మోటారు వేయడానికి పోయిన పెద్దాయన, గడ్డికి పోయిన ఆడమనిషి, అడ్డదారి అని పక్కోళ్ల గెట్టు దాటిన పిల్లగాడు. ఒక్కోసారి తీగ పెట్టిన మనిషే తెల్లారి స్విచ్చి తీయడం మరిచి అదే తీగ మీద పడి పోతాడు. ఊళ్లో రెండు రోజులు ఏడుస్తారు, పోలీసు కేసు అవుతుంది, ఆ పక్క చేలల్లో మాత్రం ఆ రాత్రి కూడా తీగలు ఉంటాయి. ఎందుకంటే పందులు ఆ రాత్రి కూడా వస్తాయి.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. పంట మీద పడే అడవి పందిని చట్టప్రకారం కాల్చి చంపే వీలు ఊరికి దగ్గరగా, పంట చేతికి రాకముందే అందేలా ఉండాలి. అది ఎంత దూరంగా ఉంటే కరెంటు తీగ అంత దగ్గరవుతుంది. అదే సమయంలో ఎవరు పడితే వాళ్లు ఎలా పడితే అలా చంపుకోండి అనడాన్ని నేను ఒప్పుకోను. ఈ రెండు మాటలూ కలిపి చెప్తే ఊళ్లో రైతులకూ కోపమే, పట్నంలో జంతుప్రేమికులకూ కోపమే. అయినా రెండూ నిజమేనని నా గట్టి నమ్మకం.

మాది కామారెడ్డి జిల్లా. మక్క, వరి, కొంచెం సోయా. పంది నష్టం అంటే పట్నంలో ఉన్న స్నేహితులు ఏవో నాలుగు కంకులు తినిపోయి ఉంటుంది అనుకుంటారు. పంది పడ్డ మక్కచేనును తెల్లారి ఒకసారి చూడాలి. గుంపు ఎటునుంచి వచ్చిందో గెట్టు దగ్గరే తెలుస్తుంది. తడిమట్టిలో రెండు గిట్టల అచ్చు, దాని వెనక రెండు చిన్న చుక్కలు. లోపలికి పోతే కర్రలు వరసగా కాదు, గుండ్రంగా పడి ఉంటాయి. మూతితో తోసి, ఒంటి బరువుతో కర్రను పండబెట్టి, కంకిని పొత్తు మీంచే కొరుకుతుంది. సగం కొరికి వదిలేసి ఇంకో కర్ర మీద పడుతుంది. నమిలి ఉమ్మిన పొత్తు ముద్దలు సాళ్ల మధ్య పడి ఉంటాయి. పాలు పట్టిన గింజ కదా, ఎండ ఎక్కేసరికి చేనంతా పుల్లటి వాసన లేస్తుంది. తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ. పడిన కర్ర మళ్లీ లేవదు, ఆ కంకి ముదరదు. బర్రెలకు మేత తప్ప దాంతో ఇంకేం కాదు. మా బాపు అలాంటి పొద్దున చేనులో నిలబడి ఒక్క మాట అన్నాడు: "వాన పడకపాయె అంటే దేవుని మీద అనుకుంటం. దీన్ని ఎవని మీద అనుకోవాలె?"

పల్లిచేను కథ ఇంకోలా ఉంటుంది. ఊడలు దిగి కాయ పట్టాక పందులు పడితే నాగలి పట్టినట్టు మట్టి తిరగేసి పోతాయి. విత్తనం వేసిన మర్నాడే సాలు వెంట గింజా గింజా ఏరుకు తినడం కూడా ఉంది, అప్పుడు మళ్లీ విత్తనం కొనాలి, అదను కూడా తప్పుతుంది. వరిలో గింజ పాలు పోసుకునే వేళ దొర్లిపోతాయి. చెరుకు, కంద, చిలగడదుంప, పుచ్చకాయ, ఏదీ వదలదు. దానికి కళ్లు అంత బాగా కనబడవు, వాసన మాత్రం అమోఘంగా పడుతుంది. చేను ఎప్పుడు తిండికి వచ్చిందో రైతుకంటే ముందే దానికి తెలుస్తుంది.

వీటి సంఖ్య ఎందుకు పెరిగింది? ఇక్కడ పట్నంవాళ్లు తరచూ ఒక మాట అంటారు: మీరు అడవిని నరికి పొలం చేసుకున్నారు, ఇప్పుడు అవి మీ పొలంలోకి వస్తున్నాయి అని. కొన్ని చోట్ల అది నిజమే, ఆదిలాబాద్ వైపు, నల్లమల అంచున. కానీ మా ఊరికీ అసలు అడవికీ మధ్య చాలా ఊళ్లున్నాయి. మా పందులు పగలు పడుకునేది చెరువు శిఖంలో పెరిగిన సర్కారు తుమ్మ పొదల్లో. ఆ చెట్టు ఈ దేశానిదే కాదు, కట్టెల కరువు తీరుతుందని ఒకప్పుడు తెచ్చి నాటారు. పశువు దూరలేదు, మనిషి దూరలేడు, పందికి మాత్రం అంతకంటే మంచి ఇల్లు లేదు. ఆ పొదకు ఆనుకునే నీళ్లు, నీళ్లకు ఆనుకునే మక్క. బోర్లు వచ్చాక, కోళ్ల దాణాకు గిరాకీ పెరిగాక, రెండు పంటలూ మక్క వేసే భూములు పెరిగాయి. ఒకప్పుడు పంది పిల్లల్ని పట్టుకుపోయే తోడేళ్లు, దుమ్మలగొండ్లు మా చుట్టుపక్కల కనబడి ఎన్నాళ్లయిందో. ఆడ పంది కడుపుతో ఉండేది నాలుగు నెలల లోపే. ఈతకు నాలుగైదు పిల్లలు మామూలు. తిండి దండిగా దొరికిన ఏడు ఇంకా ఎక్కువ బతుకుతాయి. వాటిని మేపుతున్నది మనమే, మన పంటతోనే. అడవిలో ఉన్న పందుల లెక్కకూ పంటల మధ్య బతికే ఈ గుంపుల లెక్కకూ పోలిక లేదు.

ఇక కాపలా. మంచె వేసుకుని రాత్రంతా కూర్చోవడం, డబ్బా కొట్టడం, టార్చి వేయడం మా తాతల నాటి నుంచీ ఉన్నదే. ఇప్పుడు దానికి తోడు సౌండ్ బాక్సులు వచ్చాయి. పులి గాండ్రింపు, కుక్కల అరుపు, మనిషి కేకలు రికార్డు చేసి రాత్రంతా మోగిస్తారు. మొదటి కొన్ని రాత్రులు పనిచేస్తుంది, తర్వాత పందులు దాని పక్కనే మేస్తాయి. పాత చీరలు చుట్టూ కట్టడం, మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గెట్ల మీద చల్లడం అన్నీ చేశాం. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ పరిశోధకులు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. చేను చుట్టూ నాలుగు వరసలు ఆముదం గానీ, ముళ్లుండే కుసుమ గానీ వేయమని, కోడిగుడ్డు ద్రావణం పిచికారీ చేయమని, ముళ్లతీగను చుట్టలు చుట్టలుగా గెట్టు మీద పరచమని చెప్పారు. ఆముదం వరసలు మా పక్క చేనులో వేశారు, నిజంగానే కొంత కాపాడాయి. కానీ ఒక విషయం ఎవరూ పైకి చెప్పరు. ఈ పద్ధతులన్నీ పందిని పక్క చేనుకు పంపుతాయి. ఆముదం వేసిన రైతు చేను మిగిలింది, వేయని కౌలు రైతు చేను ఆ ఏడు రెండింతలు పోయింది. ఆకలితో వచ్చిన గుంపు ఉత్తగా తిరిగిపోదు కదా.

సోలార్ ఫెన్సింగ్, మేం ఝట్కా మిషన్ అంటాం, వీటన్నిటిలో మేలు. దాని షాకు ఉండీ ఉండీ క్షణంలో వెయ్యో వంతు సేపు కొడుతుంది, అదిరిపడి దూరం పోతాం గానీ చావం. సరైన మిషన్ కొని, తీగ కింద గడ్డి ఎప్పటికప్పుడు తీస్తూ ఉంటే బాగా పనిచేస్తుంది. పచ్చగడ్డి తీగకు తగిలిందంటే షాకు భూమిలోకి దిగిపోతుంది. వానాకాలంలో గడ్డి ఎంత తొందరగా పెరుగుతుందో వ్యవసాయం చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. రెండెకరాల రైతుకు మిషన్, బ్యాటరీ, తీగ, కడీలు కలిపి ఖర్చు భారమే. పది మంది రైతులు కలిసి ఒక బ్లాకుగా వేసుకుంటే తలా కొంత పడుతుంది. ఆ కలవడం దగ్గరే ఆగిపోతుంది చాలా ఊళ్లలో.

అప్పుడు మిగిలేది కరెంటు తీగ. చూడటానికి ఏమీ ఉండదు. మోకాలి కింద ఎత్తులో చిన్న కట్టెలు, వాటికి సన్న వైరు, మోటారు దగ్గర నుంచి కరెంటు. ఝట్కాకూ దీనికీ తేడా ఒక్కటే, ఇది పట్టుకుంటే వదలదు. రాత్రిపూట ఆ వైరు మనిషి కంటికి ఆనదు. మా పక్క ఊళ్లో ఒకావిడ తెల్లారుజామున బర్రెకు గడ్డి కోయడానికి పోయి పక్కవాళ్ల తీగ మీద పడింది. ఆమెను లేపడానికి పోయిన భర్తకూ షాకు కొట్టి, బతికి బయటపడ్డాడు. తీగ పెట్టినాయన వాళ్లకు వరసకు తమ్ముడవుతాడు. జైలుకు పోయి బెయిలు మీద వచ్చాడు. రెండు కుటుంబాలూ ఇప్పటికీ ఒకే వాడలో ఉంటాయి, ఒకరి గడప ఒకరు తొక్కరు. నేను ఆయన్ను హంతకుడు అనలేను. ఆమె చావును ప్రమాదం అని సరిపెట్టుకోనూ లేను.

మనుషులే కాదు. మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవి వైపు నుంచి ప్రాణహిత, పెన్‌గంగ దాటి ఆసిఫాబాద్, మంచిర్యాల అడవుల్లోకి పులులు వస్తున్నాయి. ఒకప్పుడు మాయమైన చోటికి మళ్లీ వస్తున్న జంతువు అది. పందుల కోసం, దుప్పుల కోసం పెట్టిన తీగలకూ ఉచ్చులకూ ఆ అడవుల్లో పులులు బలయ్యాయి. 2020 మే నెలలో కేరళ పాలక్కాడ్ జిల్లాలో కడుపుతో ఉన్న ఏనుగు నోట్లో నాటు బాంబు పేలి చనిపోయింది. దేశమంతా కన్నీళ్లు పెట్టింది. మొదట అనాసపండు అన్నారు, విచారణలో కొబ్బరికాయ అని తేలింది. ఆ బాంబు పెట్టింది అడవి పందుల కోసం. ఏనుగు కోసం ఏడ్చినవాళ్లలో ఎంతమంది ఆ తోటలో బాంబు ఎందుకు పెట్టాల్సి వచ్చిందని అడిగారు? అలా అడగడం బాంబు పెట్టినవాణ్ణి వెనకేసుకురావడం కాదు. అడగకపోతే ఇంకో బాంబు ఆగదు.

ఇప్పుడు చట్టం సంగతి. ఊళ్లో చాలామంది అడవి పందిని ముట్టుకుంటే జైలే అనుకుంటారు. అనుమతి లేకుండా చంపితే నిజంగానే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే 11వ సెక్షన్ ఉంది. ఒక జంతువు మనిషి ప్రాణానికో, ఆస్తికో ప్రమాదంగా మారితే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణం రాసి, రాతపూర్వకంగా చంపడానికి అనుమతి ఇవ్వొచ్చు. ఆస్తి అంటే భూమి మీద నిలిచి ఉన్న పంట కూడా అని చట్టమే స్పష్టంగా రాసింది. ఏ జంతువుకు ఎంత రక్షణో చెప్పే జాబితాల్ని చట్టం షెడ్యూళ్లు అంటుంది. అడవి పంది మొదట మూడో షెడ్యూలులో ఉండేది. 2022 సవరణ వచ్చి, 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాక రెండో షెడ్యూలులోకి చేరింది. దాంతో ఇక ఏమీ చేయలేం అని ఒక ప్రచారం నడిచింది. అది నిజం కాదు, 11వ సెక్షన్ రెండో షెడ్యూలు జంతువులకు ఇప్పటికీ వర్తిస్తుంది. అంటే రైతుకు దారి లేదన్న మాట అబద్ధం. ఉన్న దారి రైతు కాలికి అందడం లేదన్నదే అసలు బాధ.

పందుల్ని కాల్చే అనుమతి కోసం మా గ్రామం నుంచి అర్జీ పెట్టాం. ఏ ఆఫీసో చెప్పను, చెప్పినా ఉపయోగం లేదు, ఎక్కడైనా ఇంతే. పంట నష్టానికి ఫొటోలు అడిగారు, ఇచ్చాం. సర్వే నంబర్లు అడిగారు, ఇచ్చాం. పాస్‌బుక్కుల జిరాక్సులు అడిగారు. కౌలు రైతులకు పాస్‌బుక్కు ఎక్కడిది? పట్టాదారును బతిమాలి తెచ్చుకున్నారు. షూటర్ రావాలి, ఆయన హైదరాబాద్ నుంచి రావాలి, ఆయన రాకపోకలకు, తూటాలకు డబ్బు ఎవరు పెట్టాలో ఎవరికీ తెలియదు. చివరికి ఫలానా రోజు వస్తామని కబురు వచ్చేసరికి మక్కలు విరిచి కల్లంలో పోశాం. అక్కడ కలిసిన చిన్న ఉద్యోగి మంచి మనిషి. "అన్నా, నా బీటు ఎంతుందో తెలుసా, నాకున్నది ఒక బండి, ఒక లాఠీ" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు.

మిగతా రాష్ట్రాలు ఏం చేశాయో చూస్తే నా వాదన ఇంకొంచెం తేటపడుతుంది. 2015 చివర బీహార్‌లో నీల్‌గాయ్‌నూ అడవి పందినీ, 2016లో ఉత్తరాఖండ్‌లో అడవి పందినీ కొన్ని జిల్లాల్లో ఏడాది పాటు హానికర జంతువులుగా కేంద్రం ప్రకటించింది. చట్టంలో 62వ సెక్షన్ కింద అలా ప్రకటిస్తే ఆ జంతువుకు రక్షణే ఉండదు, ఎవరైనా చంపొచ్చు. అప్పట్లో దీని మీద ఒకే కేంద్ర ప్రభుత్వంలోని ఇద్దరు మంత్రులు, మేనకా గాంధీ, ప్రకాశ్ జావడేకర్ బహిరంగంగా వాదులాడుకున్నారు. కేరళ కూడా అలాగే ప్రకటించమని పదే పదే అడిగింది, కేంద్రం ఒప్పుకోలేదు. అప్పుడు కేరళ వేరే పని చేసింది. 2022లో 11వ సెక్షన్ అధికారాన్నే పంచాయతీ అధ్యక్షులకు, మున్సిపల్ పాలకులకు ఇచ్చేసింది. లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ల జాబితా పంచాయతీ దగ్గరే ఉంటుంది. పంట మీద పడుతున్న పందిని కాల్చే ఉత్తర్వు కూడా అక్కడే. తమిళనాడు 2025 జనవరిలో ఇంకో పద్ధతి ప్రకటించింది. రిజర్వు అడవి నుంచి కిలోమీటరు లోపు చంపకూడదు, ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల మధ్య పట్టుకుని అడవిలో వదలాలి, మూడు కిలోమీటర్లు దాటిన చోట శిక్షణ ఉన్న అటవీ సిబ్బంది కాల్చొచ్చు. ఈ రెండింటిలో నాకు నచ్చిన ముక్కలు తీసి కలిపితే సరైన విధానం వస్తుందనిపిస్తుంది. కేరళ నుంచి దగ్గరితనం, తమిళనాడు నుంచి దూరపు గీత. అడవిని ఆనుకున్న పంది వేరు, సర్కారు తుమ్మలో పుట్టి మక్కలో పెరిగిన పంది వేరు.

హానికర జంతువు అని ప్రకటించి చేతులు దులుపుకోవడం నాకు ఎందుకు ఇష్టం లేదో కూడా చెప్పాలి. మా ఊళ్లో దాదాపు అందరూ అదే కావాలంటారు. అమెరికాలో టెక్సాస్‌లో లైసెన్సు లేకుండా చంపొచ్చు, హెలికాప్టర్ల నుంచి కూడా కాలుస్తారు అని అక్కడ ఉంటున్న మనవాళ్లు వీడియోలు పంపుతారు. నిజమే, 2011 నుంచి హెలికాప్టర్ వేట ఉంది, 2019 నుంచి యజమాని ఒప్పుకుంటే ప్రైవేటు భూముల్లో కాల్చడానికి వేట లైసెన్సు అక్కర్లేదు. అయినా అక్కడ పందులు లక్షల్లోనే ఉన్నాయి. అంతకంటే ముఖ్యం, అక్కడి పంది అక్కడిది కాదు. 1539లో స్పెయిన్ దండయాత్రికులు ఫ్లోరిడాకు తెచ్చిన ఊరపందులు, ఆ తర్వాత వేట సరదా కోసం తెచ్చి వదిలిన ఐరోపా అడవి పందులు కలిసి పెరిగిన సంతతి అది. అది పూర్తిగా పోయినా ఆ నేలకు నష్టం లేదు. మన అడవి పంది ఇక్కడే పుట్టిన జంతువు. ఆసిఫాబాద్‌కు తిరిగి వస్తున్న పులికి దుప్పి, కణుజుతో పాటు పందీ ఆహారమే. అడవిలో అది మట్టి తిరగేస్తే విత్తనం మొలుస్తుంది. దాన్ని అడవిలో ఉంచాలి, మక్కలోంచి తీయాలి.

అమెరికాలోనే మిస్సోరి రాష్ట్రం నేర్చుకున్న పాఠం మనకు ఎక్కువ పనికొస్తుంది. అక్కడ ప్రభుత్వ అటవీ భూముల్లో పందుల వేటను నిషేధించారు. వినడానికి తిరకాసుగా ఉంటుంది. గుంపులో ఒకటో రెండో పందుల్ని కాలిస్తే మిగతావి చెదిరి కొత్త చోట్లకు పోతాయి, వేట సరదా ఉన్నవాళ్లు పందుల్ని తెచ్చి కొత్త అడవుల్లో వదులుతారు. అందుకని పెద్ద బోన్లు పెట్టి గుంపుకు గుంపునూ ఒకేసారి పట్టే పద్ధతికి వెళ్లారు. మనకు ఇందులో తెలియాల్సింది ఏమిటంటే, తుపాకీ శబ్దం వినబడితే పని అయిపోయినట్టు కాదు. పందుల గుంపును నడిపేది పెద్ద ఆడ పంది. కోరల మగ పంది ఎక్కువగా ఒంటరిగా తిరుగుతుంది. షూటర్లకు ఫొటో కోసం కావలసింది కోరల మగది, పంట తినేది పిల్లలతో ఉన్న గుంపు. సగానికి పైగా తీస్తే తప్ప వాటి సంఖ్య తగ్గదు, ఏడాదిలోనే మళ్లీ నిండిపోతుంది. అందుకే సరదా వేట వేరు, పంట కోసం చేసే వేట వేరు. మొదటిదాన్ని నేను ఎప్పటికీ సమర్థించను.

పంట కోసం చేసే వేట ఎలా ఉండాలి? ముందు ఊళ్లో చాటింపు వేయాలి, ఆ రాత్రి ఎవరూ చేలల్లో ఉండకూడదు. మనది చదును నేల, రైఫిల్ తూటా గురి తప్పితే ఎంత దూరమైనా పోతుంది. చేనుకు వంద గజాల్లో బాయి దగ్గర గుడిసెలో ఎవరో పడుకుని ఉంటారు. అందుకని ఎత్తున మంచె మీంచి కిందికి, మట్టి అడ్డం ఉన్న చోటే కాల్చాలి. కుక్కల్ని వదిలి తరిమే వేట వద్దు, అందులో పంది నరకం చూస్తుంది, కుక్కలూ చీలిపోతాయి. గాయపడ్డ పందిని వదిలేయకూడదు, తెల్లారి వెతికి పని ముగించాలి. గాయపడ్డ పంది మనిషి మీదికి వస్తుంది, అది అందరికీ తెలుసు. అంతకంటే పెద్ద కారణం, దాన్ని అలా వదిలేసే హక్కు మనకు లేదు. ఎన్ని చంపారు, ఆడా మగా, ఏ సర్వే నంబరులో అన్నది పంచాయతీ రిజిస్టరులో రాయాలి, ఆ రిజిస్టరు గ్రామసభలో చదవాలి. ఇవన్నీ చేయగల మనుషులు ప్రతి మండలంలో దొరుకుతారు. రిటైరైన జవాన్లు, పోలీసులు ఉన్నారు. వాళ్లకు అటవీ శాఖే శిక్షణ ఇచ్చి, రోజు కూలీ, తూటాల ఖర్చు ఇవ్వాలి. హైదరాబాద్ నుంచి ఒకాయన కోసం పది జిల్లాలు ఎదురుచూడటం ఇక చాలు.

మాంసం విషయంలో నా మాట ఊళ్లో ఎవరికీ నచ్చదు. చట్టం ప్రకారం చంపిన పంది ప్రభుత్వానిది. కేరళలో కిరోసిన్ పోసి పాతిపెడతారు. "అంత మాంసం మట్టిపాలు చేసుడేంది, మా చేను తిని బలిసిందే కదా" అని మా కాక అడిగాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది, ఒకప్పుడు ఊరంతా వలలు కట్టి, బల్లేలతో వేటాడి వాటా పంచుకున్న రోజులు ఆయన చూశాడు. అయినా పాతిపెట్టాలనే అంటాను. అడవి పంది మాంసానికి దొంగచాటుగా ఇప్పటికే మంచి ధర ఉంది. చట్టం దానికి తలుపు తీస్తే కాపలా పేరుతో ఉచ్చులు, తీగలు అడవి దాకా పోతాయి, పంట లేని నెలల్లో కూడా ఉంటాయి. ఏ మాంసం పర్మిట్‌దో, ఏది తీగదో ఎవరు కనిపెడతారు? పైగా సరిగ్గా ఉడకని పంది మాంసంతో పురుగుల జబ్బులు వస్తాయి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మనిషికి సోకదు గానీ, ఊరపందులు పెంచుకుని బతికేవాళ్ల కొట్టాల్ని ఖాళీ చేసేస్తుంది. చచ్చిన అడవి పందిని ఊళ్లోకి తెచ్చి కోయడం వాళ్ల కడుపు మీద కొట్టడమే.

వేట ఒక్కటే చాలదని కూడా నాకు తెలుసు. శిఖంలో సర్కారు తుమ్మ తీసేయకుండా పందుల్ని కాలిస్తే ఖాళీ అయిన ఇంట్లోకి పక్క గుంపు వస్తుంది. ఉపాధి హామీ పనిలో చెరువు పూడిక తీశాం, కాలువలు తీశాం, వేళ్లతో సహా ఆ తుమ్మను పీకే పని కూడా పెట్టొచ్చు. ఝట్కా మిషన్లకు సబ్సిడీ ఒక్కో రైతుకు కాకుండా, పది మంది కలిసి బ్లాకుగా పెట్టుకుంటేనే ఇవ్వాలి. అప్పుడు పంది పక్కోడి మీద పడే బాధ తగ్గుతుంది, రైతులు కలవడానికీ ఒక కారణం దొరుకుతుంది.

నష్టపరిహారంలో ఒక మంచి కబురు ఉంది. అడవి జంతువుల వల్ల పోయిన పంటను ఫసల్ బీమాలో చేరుస్తున్నట్టు 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది, 2026 వానాకాలం నుంచి అమలు అన్నారు. నష్టం జరిగిన 72 గంటల లోపు యాప్‌లో ఫొటోలతో నమోదు చేయాలి. ఇది కావాలని రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు, సంతోషమే. కానీ తెలంగాణ 2020లోనే ఆ పథకం నుంచి బయటికి వచ్చింది, మళ్లీ చేరతామని 2024లో ప్రభుత్వం చెప్పింది. ఎక్కడ అమలైనా కౌలు రైతు పేరు అందులో ఎక్కాలి. మా దగ్గర మంచె మీద రాత్రంతా కూర్చునేది ఎక్కువగా వాళ్లే. భూమి కాగితం లేదు కాబట్టి పరిహారం రాదు, అర్జీ మీద వాళ్ల సంతకం చెల్లదు. కౌలు కట్టాల్సిన రోజు మాత్రం మారదు. నా లెక్కలో కరెంటు తీగ పెట్టే ఒత్తిడి అందరికంటే ఎక్కువ ఉండేది వాళ్ల మీదే. సాగు చేస్తున్నాడని పంచాయతీ కార్యదర్శి, వ్యవసాయ విస్తరణాధికారి రాసిచ్చిన కాగితం చాలనాలి, పర్మిట్‌కైనా, పరిహారానికైనా.

మక్క జూన్‌లో వేస్తాం. ఆగస్టు చివరికల్లా కంకిలో పాలు పడతాయి. అర్జీలు విత్తనం వేసిన నెలలోనే గ్రామసభలో తీసుకోవాలి. జులైలో అటవీ శాఖ బీట్ ఆఫీసర్ వచ్చి అడుగుల జాడలు, పందులు పడుకునే పొదలు చూసుకోవాలి. ఆగస్టు 15 నాటికి ఉత్తర్వు, షూటర్ పేరు, ఫోన్ నంబరు పంచాయతీ గోడ మీద రాసి ఉండాలి. అదే గోడ మీద కరెంటు తీగ పెడితే కనెక్షన్ తీసేస్తామని కూడా రాయాలి, రాసి తీసేయాలి, ఎవరి చేనైనా సరే, మా చేనైనా సరే.